మొదటి గుక్క నాదే

మా ఆయనకు వాసన తెలియడం లేదేమోనన్న అనుమానం నాకు పాలు మాడిన రోజున పుట్టింది. పాలు పొంగి, ఇగిరి, అడుగంటి, ఆ కంపు మా మెస్సు దాటి వీధిలోకి పోతుంటే ఎదురింటావిడ కిటికీలోంచి కేక పెట్టింది. నేను మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చేసరికి మా ఆయన ఆ పొయ్యి పక్కనే పీట వేసుకుని తీరిగ్గా బొమ్మిడాయి చేపలు శుభ్రం చేస్తున్నాడు. తల కూడా ఎత్తలేదు.

“ఏమయ్యా, ముక్కుండాదా ఊడిపోయిందా?” అన్నాను.

“ఏం లేదు మే, జలుబు” అన్నాడు.

జలుబైతే చీదాలి కదా. ఆయన చీదగా నేను చూడలేదు.

వేరే ఇళ్ళలో మగవాడికి ముక్కు దిబ్బడేస్తే పసుపు వేసి ఆవిరి పట్టిస్తారు, అంతటితో సరి. మా ఇల్లు గడిచేదే ఆ ముక్కు మీద. నెల్లూరులో మాది చిన్న మెస్సు. మధ్యాహ్నం పూట అన్నం, చేపల పులుసు, ఇంకేమీ ఉండదు. ఆ పులుసు కోసం కోర్టు గుమాస్తాల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా వచ్చి నిలబడతారు. ఇంత చేసీ మా ఆయన పులుసు రుచి చూడడు. వండేవాడు గరిటె నోట పెడితే కుండంతా ఎంగిలైనట్టేనని, నలుగురికి ఎంగిలి పెట్టడం పాపమని వాళ్ళమ్మ నేర్పింది. అందుకని మూత తీసి, కళ్ళు మూసుకుని, ఆవిరి పీల్చి చెబుతాడు. ఉప్పు చాల్లేదంటాడు. చింతపండు పచ్చివాసన ఇంకా పోలేదంటాడు. మామిడికాయ ముక్కలు ఇప్పుడు వేయాలంటాడు. పెళ్ళయిన కొత్తలో ఇదంతా వేషమనుకుని, ఆయన అటు తిరగ్గానే ఒక చుక్క నాలుక మీద వేసుకుని సరిచూసేదాన్ని. ఒక్కసారీ తప్పింది లేదు. కొన్నాళ్ళకు నాకే విసుగొచ్చి మానేశాను.

ఆ ముక్కును నమ్ముకుని ఈమధ్య ఒకాయన మా వెంట పడ్డాడు. ఆయనకు చిల్లకూరు దగ్గర హైవే పక్కన స్థలం ఉంది. అక్కడ పెద్ద హోటల్ కడతానని, పులుసు మాత్రం మా ఆయన చేతిదే ఉండాలని, అందులో వాటా ఇస్తానని అన్నాడు. వాటా రావాలంటే మా వంతు మేం పెట్టాలి. పెట్టడానికి మాకున్నది ఆ మెస్సు, దాని మీద మేముండే మేడ. దాన్ని బ్యాంకుకు రాసివ్వాలి. సోమవారం సాయంత్రానికల్లా ఔనో కాదో చెప్పమన్నాడు. మా ఆయన ఔననలేదు, కాదనలేదు. నేను అడిగినప్పుడల్లా “చూద్దాం” అంటూ వచ్చాడు. ముక్కు బాగుంటే సరే. లేకపోతే ఇల్లు గంగలో కలిసినట్టే. ఆ సంగతి సోమవారం సాయంత్రంలోగా తేల్చుకోవాలనుకున్నాను. నిలదీసి అడిగితే ఆయన చెప్పే రకం కాదు. అడిగితే మళ్ళీ జలుబే అంటాడు.

అందుకని కల్లుకు పోదామన్నాను.

ఇది మాకు ఏటా అలవాటే. ఎండలు ముదరక ముందు ఒక సోమవారం, మెస్సు మూసి ఉండే రోజున, కారేసుకుని సముద్రం వైపు ఊళ్ళన్నీ తిరిగి తాటికల్లు రుచి చూసి వస్తాం. ఆయన మత్తు కోసం తాగే మనిషి కాదు. ఏ నేల కల్లు ఆ నేలదేనంటాడు. నల్లరేగడి గట్టు మీది చెట్టు కల్లు ఘాటు, ఇసుక దిబ్బ మీది చెట్టు కల్లు తీపి. పోతుతాడిదో పెంటితాడిదో, కుండ కొత్తదో పాతదో, కల్లు పులవకుండా కుండ లోపల సున్నం రాశారో లేదో, తాటాకు దొప్ప ముక్కు దగ్గరికి రాగానే చెప్పేస్తాడు. గీసేవాళ్ళు ఆశ్చర్యపోతే చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. ఏటా నన్ను తొందరపెట్టేది ఆయనే. ఈ ఏడు మాత్రం ఆ మాటే ఎత్తలేదు.

“ఈసారి ఎండలు అప్పుడే ఎక్కువుండాయి మే” అన్నాడు.

“ఎండలకే గదయ్యా కల్లు” అన్నాను.

ఇంకేం వంక పెట్టాలో ఆయనకు తోచలేదు. సోమవారం పొద్దున్నే బయల్దేరాం.

కారు నడిపేది నేనే. ఆయన చేతికి స్టీరింగ్ ఇస్తే ఎదురొచ్చే ప్రతి బండివాణ్ణీ తిట్టుకుంటూ పోతాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటుంది గానీ రోడ్డెక్కితే ఆయన ముందు నేను ఎందుకూ పనికిరాను. నడిపేదాన్ని గనక నాకు ఒక్కో చోట ఒక్క గుక్కే, మిగతాది ఆయనది. అదీ మా లెక్క. చూసేవాళ్ళకు మేమిద్దరం షికారు పోతున్న మొగుడూ పెళ్ళాలం. కిటికీలోంచి చల్లగాలి కొడుతోంది. నా కళ్ళు మాత్రం మాటిమాటికీ ఆయన ముక్కు మీదికే పోతున్నాయి.

కావలి ఇంకా రాకముందే హైవే దిగి ఒక పొలం దారిలోకి మళ్ళాం. గట్టు మీద వరసగా తాడిచెట్లు. గీసే మనిషి అప్పుడే చెట్టు దిగాడు. నడుముకున్న కుండ విప్పి, తాటాకు దొప్ప మడిచి, నిండా పోసి మా ఆయనకిచ్చాడు. ఇంతకు ముందైతే ఆయన మొదట దాన్ని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఈసారి రెండు చేతులతో నా వైపు చాపాడు.

“ముందు నువ్వు తాగు.”

“నేనెందుకు? వాసన చూసి చెప్పు నువ్వు.”

“ఆడవాళ్ళు ముందు తాగితే తప్పేంది? తాగు మే.”

తాగాను. అబ్బ, ఏం ఘాటు! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కులోంచి చురుక్కున పైకెక్కింది. కొంగుతో మూతి తుడుచుకుంటుంటే ఆయన దొప్ప అందుకుని ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

“గట్టిది” అన్నాడు. “రేగడి నేల గదా. కుండ కూడా పాతదే అయ్యుంటాది.”

“కరెక్టుగా చెప్పినావన్నా!” అని గీసే మనిషి నవ్వాడు. “కుండ మార్చి చానా దినాలైంది.”

నాకు ఒంట్లో ప్రాణం వచ్చినట్టయింది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? పాలు మాడిన రోజు నిజంగానే జలుబై ఉంటుంది. మగవాళ్ళు పనిలో పడితే ఇల్లు కూలినా వినిపించుకోరు. కారెక్కాక నన్ను నేనే తిట్టుకున్నాను. చిల్లకూరు హోటల్లో వంటిల్లు ఏ వైపు ఉండాలో కూడా మనసులో కట్టేసుకున్నాను. ఆయనతో ఏదో పరాచికం కూడా ఆడాను. ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

మళ్ళీ హైవే ఎక్కి, బోగోలు దగ్గర సముద్రం దారి పట్టాం. ఒక పాలెం దగ్గర రోడ్డుకు ఇటూ అటూ చేపలు ఎండబోసి ఉన్నాయి. కిటికీ అద్దాలు ఎక్కించినా ఆ వాసన లోపలికి వస్తుంది. నేను అద్దం పూర్తిగా దించాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా బిగబట్టి కూర్చుని ఆయన వైపు చూశాను. ఆయన హాయిగా మోచెయ్యి బయటకు పెట్టి “గాలి బాగుండాది” అన్నాడు. దీన్ని బట్టి ఏం తేలుతుంది? పట్టపుపాలెంలో, వలల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆయన. ఆయనకు ఎండుచేపల కంపు ఎప్పుడు కంపయింది గనక? మాగాణి ఊళ్ళో పుట్టిన నాకే ఆ కంపంతా.

అంతలో హోటలాయన ఫోన్ చేశాడు. మా ఆయన తీసి “సాయంత్రం చెప్తానన్నా గదన్నా, ఇంకా సాయంత్రం కాలా” అని పెట్టేశాడు. గొంతులో విసుగు లేదు, భయం ఉంది. అది నేను పోల్చుకోగలను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు నేను విన్నది చాలా తక్కువ.

రెండో చోట రోడ్డు పక్కనే పందిరి వేసి ఒకతను రెండు క్యాన్లలో కల్లు పెట్టుకుని ఉన్నాడు. మొదటి క్యానులోది పోశాడు. మళ్ళీ దొప్ప నా చేతికే వచ్చింది. తాగాను, బాగుంది, బాగుందన్నట్టు నా తల ఊగి ఉంటుంది. ఆయన తాగి “ఇది పొద్దున దించింది” అన్నాడు. రెండో క్యానులోది నోట్లో పోసుకోగానే ఉమ్మేశాను. పాడు పులుపు. ఆయన పెదాలు తడుపుకుని “నిన్నటిది, ఇది వద్దు” అన్నాడు. అమ్మే అతను నాలుక కరుచుకుని, నిన్నటిదే మిగిలిందన్నా, కలిపేద్దామనుకున్నా అని ఒప్పుకున్నాడు.

రెండూ సరిగ్గానే చెప్పాడు. కానీ ఈసారి నేనొకటి చూశాను. దొప్ప నా నోటి దగ్గరున్నంత సేపూ ఆయన కళ్ళు కల్లు మీద లేవు, నురగ మీద లేవు. నా మీద ఉన్నాయి. పేకాటలో ఎదుటివాడి మొహం చూసి ముక్క వేసేవాడి చూపు అది. రెండో గుక్క ఉమ్మేటప్పుడు నేను చటుక్కున తలెత్తితే ఆయన చూపు అంతకంటే చటుక్కున పక్కకు తిరిగింది.

మళ్ళీ కారెక్కాం. అప్పటికీ ఆయనకొక అవకాశం ఇచ్చాను. దేవుడి సాక్షిగా ఇచ్చాను.

“ఏమయ్యా, నాకు చెప్పాల్సిందేమన్నా ఉండాదా?”

“ఏముంటాది?”

“హోటలాయనకి ఏం చెప్తావు?”

“ఔననే చెప్తా. ఇంకేం చెప్తా?” అని అటు తిరిగి కిటికీలోంచి ఉప్పు పండించే కయ్యల వైపు చూస్తూ కూర్చున్నాడు.

నాకు మండింది. ఇంటి మీద అప్పు చేయడానికి సంతకం నాది కూడా కావాలి. పెళ్ళాం సంతకం కావాలి గానీ పెళ్ళానికి నిజం అక్కర్లేదు! అప్పుడే నిర్ణయించుకున్నాను, తర్వాతి చోట తేల్చేస్తానని.

మూడో చోటు సముద్రానికి బాగా దగ్గర. ఇసుక దిబ్బల మీద పొట్టి తాడిచెట్లు, అటు సరుగుడు తోపు, దాని వెనక అలల చప్పుడు. ఆకుల నీడన ఒక ఆమె కూర్చుని అమ్ముతోంది. మొగుడు గీస్తే ఆమె అమ్ముతుందట. ఇది సున్నపు కుండ కల్లు, మా ఆయనకు ఏటా అన్నిటికంటే ఇష్టమైంది. ఇది తాగాకనే ఇంటిదారి పడతాం. ఆమె కుండ వంచి దొప్ప నింపింది. ఆయన ఎప్పటిలాగే, అంటే ఆ రోజు ఎప్పటిలాగే, దొప్ప నాకు ఇచ్చాడు.

తాగాను. చెరుకురసం దీని ముందు ఎందుకూ పనికిరాదు. చల్లగా, లేత ముంజె తిన్నట్టు గొంతులోకి జారింది. ఆ తీపిని నాలుక కింద అదిమిపెట్టి నేను మొహం వికారంగా పెట్టాను. కళ్ళు చిట్లించి, పెదవి విరిచి, పచ్చి చింతకాయ కొరికినట్టు భుజాలు ముడుచుకున్నాను. దొప్ప ఆయన చేతికిచ్చాను. ఆయన తాగుతున్నంత సేపూ లోపల దండం పెట్టుకున్నాను. ‘తీపి అను. నీకేమైంది మే, ఇంత తీపి పెట్టుకుని మొహం అట్టా పెట్టినావని నన్ను తిట్టు. తిట్టవయ్యా’ అనుకున్నాను.

ఆయన మింగాడు. మొహం నాలాగే పెట్టాడు.

“పులిసిపోయింది” అన్నాడు. “ఇట్టాంటిది అమ్ముతారా?”

ఆమె లేచి నిలబడింది. “పులిసిందా? ఏందన్నా ఆ మాట! ఇప్పుడే దించినాడు మా ఆయన, కుండకి తడి కూడా ఆరలా. సున్నం రాసిన కుండ. ఏటా వస్తావు, ఏటా తాగిపోతావు, ఈ ఏడు నా కల్లుకి పేరు పెడతావా? ఇంకోసారి తాగి చెప్పు!”

ఆయన ఇంకోసారి తాగలేదు. ఆమె వైపు కూడా చూడలేదు. నా వైపు చూశాడు. నా మొహంలో అప్పటికి పులుపూ లేదు, తీపీ లేదు. ఆయనకు అర్థమైంది. దొప్పలో మిగిలింది ఇసుకలో ఒలికిపోతున్నా చెయ్యి సరిచేసుకోలేదు.

నేనే ఆ దొప్ప తీసుకుని మిగిలింది తాగేశాను. “నీ కల్లు అమృతం తల్లీ. ఆయనకి ఒంట్లో బాగలేదు, ఏమనుకోబాక” అన్నాను. ఆమె గొణుక్కుంటూ కూర్చుంది. పాపం, ఆమెను అట్లా బాధపెట్టినందుకు ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

సరుగుడు తోపు దాటి సముద్రం కనిపించే చోట కూలబడ్డాం. గెలిచాను కదా, సంతోషం ఉండాలి. ఏడుపొచ్చింది.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“చవితి ముందు జొరం వచ్చింది చూడు. అప్పట్నుంచి.”

“వాసనొకటేనా?”

“రుచి కూడా తెలీడంలా. నోట్లో ఏం పెట్టుకున్నా తడిగుడ్డ నమిలినట్టుండాది. తగ్గుతాది, తగ్గుతాది అనుకున్నా. తగ్గలా. డాక్టరు దగ్గరికి కూడా పొయినా. ఇంకొన్నాళ్ళు చూడమన్నాడు.”

“డాక్టరుకి చెప్పినావు. నాకు చెప్పలా.”

ఆయన తల దించుకుని ఇసుక మీద వేలితో ఒక గీత గీశాడు.

“మరి ఇన్నాళ్ళూ పులుసెట్టా కాస్తుండావు? ఒక్కరన్నా బాగలేదని పోలేదే?”

“నిన్ను చూసి” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, ఇసుక మీద వేలితో గీతలు గీస్తూ, తల ఎత్తకుండా. “మెస్సు తెరిచే ముందు నీకు మొదటి ప్లేటు పెడతా గదా. ఎదురుగా కూర్చుంటా. మొదటి ముద్దకి నీ కనుబొమ్మలు దగ్గరికొస్తే పులుపెక్కువ. నీళ్ళ గ్లాసు మీదికి చెయ్యి పోతే కారం. ఏం మాట్లాడకుండా రెండో ముద్ద కలిపితే సరిపొయినట్టు. దాన్ని బట్టి పోయి కుండలో సర్దుతా.”

చెప్పడం అయిపోయింది. నేను మాత్రం ఆ మొదటి ప్లేటు దగ్గరే ఉండిపోయాను. పెళ్ళయినప్పటి నుంచి నేను తిన్నది ఆఖరున. జనమంతా తిని వెళ్ళాక, కుండ అడుగున మిగిలిన పులుసులో అన్నం కలుపుకుని. చవితి తర్వాత ఒకరోజు ఆయన “ముందు నువ్వు తిను” అని ప్లేటు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. నేను ముద్ద నోట పెట్టుకుంటుంటే కళ్ళార్పకుండా చూసేవాడు. మా అక్కకు ఫోన్ చేసి చెప్పుకున్నాను, మా ఆయనకు ఇన్నాళ్ళకు పెళ్ళాం మొహం కనబడిందక్కా అని. ఆ పూట వచ్చేసరికి మొహం కడుక్కుని, బొట్టు సరిచేసుకుని, ఒక్కోసారి ఉతికిన చీర కట్టుకుని కూర్చునేదాన్ని. పులుసు కాస్త అటూ ఇటూ అయినా ఆయన నొచ్చుకుంటాడని చిరునవ్వుతో తిన్న రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో పులుసు ఎట్లా ఉండి ఉంటుందో ఆ దేవుడికి తెలియాలి.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ వెనకే కోపం.

“నేను తింటుంటే నన్ను చూస్తుండావనుకున్నానయ్యా” అన్నాను. “పులుసు చూస్తుండావా?”

ఆయన గీతలు గీయడం ఆపాడు. “మొదట్లో పులుసుకే చూసినా” అన్నాడు. “తర్వాత్తర్వాత…”

అప్పుడు మోగింది ఫోన్. హోటలాయన. ఇంకా పొద్దు గుంకలేదు, ఆగలేకపోయినట్టున్నాడు. ఆ ‘తర్వాత’ ఏమిటో వినాలని నా ప్రాణం కొట్టుకుంటోంది, ఆ ఫోనేమో ఆగడం లేదు. మా ఆయన దాన్ని చేతిలో పట్టుకుని, ఎత్తకుండా, నా మొహంలోకి చూశాడు. అదే చూపు. ఔననాలా, కాదనాలా, అబద్ధమాడాలా, నా కనుబొమ్మల్లో వెతుక్కుంటున్నాడు. నేను చిన్నగా తల ఊపితే చాలు, అదే చెప్పేస్తాడు. ఇల్లు నిలబడినా కూలినా జీవితాంతం అది నా మొహం చెప్పిన జవాబే అవుతుంది.

నేను లేచి, ఆయనకు వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

వెనక ఫోన్ ఇంకాసేపు మోగింది. ఆగిపోతుందేమో అనుకున్నాను. తర్వాత ఆయన గొంతు వినబడింది.

“అన్నా, నన్ను నమ్ముకుని కట్టబాక. నాకు వాసన తెలీడంలా… ఆఁ, ముక్కే. రుచి కూడా లేదు. ఎప్పుడొస్తాదో, వస్తాదో రాదో తెలీదు… లేదన్నా, మా ఆమె చెప్పమంటే చెప్పడంలా. ఆమె అటు తిరిగి ఉండాది. నేనే చెప్తుండా.”

ఫోన్ పెట్టేసినట్టు తెలిసింది. ఇసుకలో ఆయన అడుగుల చప్పుడు నా వెనకదాకా వచ్చి ఆగింది. నేను వెంటనే ఇటు తిరగలేదు. నా మొహంలో ఉన్నది కోపమో, జాలో, ప్రేమో నాకే తెలియనప్పుడు, చదువుకొమ్మని ఆయనకెట్లా చూపించేది?